యంత్రపు తెలివి – మన చౌడు నేల
(అవనిగడ్డ రైతులనుద్దేశించిన ప్రసంగము)



కృత్రిమ మేధ, అనగా యంత్రపు తెలివి, నేడు వ్యవసాయ కళాశాలలలో పెద్ద చర్చయైనది. మీ గట్టుమీదికి కూడ అది ఫోనులో వచ్చుచున్నది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ వారు 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తవలెనో తెలుగులో సందేశములు పంపిరి. అందుకై యంత్రమునకు 30 ఏండ్ల వాతావరణ లెక్కలు ముందుగా నేర్పిరి.

నేర్పినదే అది చెప్పును. దేవనకొండది మెట్ట, దివిసీమది కాలువ చివరి ఉప్పు భూమి. ఇచ్చట ఉప్పుకు మాడిన వరి ఆకు కొనను, ఎండాకు తెగులును ఒక్క ఫొటో చూచి వేరుచేయుట కష్టము. తెగులని మందు కొట్టితిరా, డబ్బు దండుగ! కావలసినది మంచినీరు పెట్టి, మురుగు తీసివేయుట. ఫోను ఏమి చెప్పినను ముందు మట్టిని పరీక్ష చేయించుడు. లవణ సూచిక (ఇ.సి.) 4 దాటినచో అది పాలచౌడు. సందేహమున్న ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రమున అడుగుడు.

చివరి సంవత్సరపు వ్యవసాయ విద్యార్థులు గ్రామములలో ఉండి నేర్చుకొందురు గదా. యంత్రము వ్రాసియిచ్చిన పాఠము వారికి చాలదు. వారు వచ్చినపుడు బాగా పండిన చేనే కాదు, ఉప్పు తేలిన మడిని కూడ చూపి, లెక్క వ్రాయించుడు.