సంస్కృతాక్షరములు – మన నాలుక
(హైదరాబాదు పాతనగరమున ఒక పఠనమందిరమునందు చేయబడిన ఉపన్యాసము)



సంస్కృతము నేర్చుకొనవలెనని కోరువారు మన నగరమున తక్కువగా లేరు. కాని వారిలో పలువురు మొదటి మెట్టుకడనే నిలిచిపోవుచున్నారు. "నాగరిలిపి రాదు గదా, సంస్కృత మెట్లు వచ్చును?" అని వారి సందేహము. ఈ సందేహము నిరాధారమని మనవి చేయుటయే నేటి నా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

సంస్కృతమునకు తనదని చెప్పదగిన లిపి ఒక్కటి ఎన్నడును లేదు. కాశ్మీరమున శారదాలిపిలోను, వంగదేశమున వంగలిపిలోను, తమిళదేశమున గ్రంథలిపిలోను, మన దేశమున తెనుగు లిపిలోను పండితులు దానిని వ్రాసికొనిరి. చెన్నపురియందలి వావిళ్లవారు ఎన్నో సంస్కృతగ్రంథములను తెనుగు లిపిలో అచ్చొత్తించిరి. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి సంస్కృతమునకు 50, తెనుగునకు 36 వర్ణములని లెక్కించెను. ఆ యేబదియు మన వర్ణమాలలో కలవు. కావున గుణింతములు వచ్చిన తెనుగువాడు సంస్కృతము వ్రాయుటకు సిద్ధముగనే యున్నాడు.

వ్రాత వచ్చినను పలుకు రావలసియున్నది. కంఠము, తాలువు, మూర్ధము, దంతములు, ఓష్ఠములు అను అయిదు స్థానములనుండి అయిదు వర్గములు పుట్టుచున్నవి. క, చ, ట, త, ప అని వరుసగా పలికిన యెడల ఉచ్చారణస్థానము గొంతునుండి పెదవులకు క్రమముగా నడచివచ్చుట తెలియును. ప్రతి వర్గమునందును మొదటిది పరుషము, మూడవది సరళము, అయిదవది అనునాసికము. రెండవది, నాలుగవది మహాప్రాణములు. అరచేతిని నోటియెదుట ఉంచి 'క' అనుడు, పిదప 'ఖ' అనుడు; రెండవమారు అరచేతికి గాలి గట్టిగా తగులును. కంఠముపై వ్రేలుంచి 'క', 'గ' అనుడు. 'గ'కారమున కంఠము కంపించును. ఇంతకంటె సులభమైన పరీక్ష వేరొకటి లేదు.

మనలో తరచుగా కనబడు దోషము మహాప్రాణములను మింగివేయుట. భాలమన నుదురు, బాలుడన పిల్లవాడు. ఖరము గాడిద, కరము చేయి. శ, స లను కలిపివేయుటయు అట్టిదే. సకలమన సమస్తము, శకలమన తునుక. ఒక్క అక్షరము జారిన అర్థమంతయు తలక్రిందులగును.

ఈ విషయమున పాతనగరవాసులకు ఒక సౌలభ్యము కలదు. ఉరుదూలో రెండు కన్నుల 'హే' చేర్చి వ్రాయు ఘర్, ఖానా, భాయీ, ఝాడూ, ఛత్రీ, ధోబీ మున్నగు మాటలు మన వీథులలో నిత్యము వినబడుచున్నవి. ఘాన్సీబజారు, పత్థర్‌గట్టీ అను పేరులలోనే మహాప్రాణములున్నవి. అంగడిలో 'భాయీ' అని స్పష్టముగా పిలిచినవాడే ఇంటికి వచ్చి గ్రంథము విప్పి 'బారతము' అనుట వింత కాదా? అయితే ఒక జాగరూకత వలయును. ఖబర్ అను అరబ్బీ పదములోని ధ్వని గొంతున ఒరసికొని వచ్చునది. అది 'ఖ' కాదు. ఫర్మానులోని ధ్వని పెదవికి పండ్లు తాకగా పుట్టునది. ఫలమనునప్పుడు రెండు పెదవులును కలిసి విడిపోవలయును.

హ్రస్వములైన ఎ, ఒ లు సంస్కృతమున లేవు. ఏ, ఓ లు ఎల్లప్పుడును దీర్ఘములే. ఱ, ౘ, ౙ లు మనవి. విసర్గము ముందరి అచ్చు నీడను పట్టుకొనును గనుక మన సంప్రదాయమున రామః అనునది రామహ వలె, హరిః అనునది హరిహి వలె వినబడును. ఋకారమును మనము 'రు' అందుము, ఔత్తరాహులు 'రి' అందురు. జ్ఞకారమును హిందీవారు 'గ్య' అనియు, మహారాష్ట్రులు 'ద్న్య' అనియు పలుకుదురు. వీనికై కలహింప పనిలేదు.

చెవి, నాలుక కుదిరిన పిమ్మట నాగరి నేర్చుకొనుడు. ఇకారపు గుర్తు హల్లునకు ముందు వచ్చుట, సంయుక్తాక్షరమున తరచుగా మొదటి హల్లు సగమై ఎడమప్రక్క నిలుచుట ముఖ్యమైన భేదములు. మనకు రెండవ హల్లు ఒత్తుగా క్రిందికి దిగును. ఆ లిపితో హిందీ, మరాఠీ పుస్తకములును తెరచుకొనును.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున మొదట బోధనాభాష ఉరుదూగా నుండెను. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, తరువాతి పఠనమందిరములు ఆ కాలమున తెనుగక్షరమును కాపాడినవి. నేడు అట్టి అడ్డంకి లేదు. కాని మన బిడ్డలు చేతియంత్రములలో శ్లోకములను రోమను లిపిలో చదువుచున్నారు. వాడుకలోని ఆ వ్రాతలో త, ట లకు భేదము లేదు. న, ణ లకు లేదు. పొట్టి అచ్చేదో పొడుగు అచ్చేదో తెలియదు. సొంత లిపిలో సర్వమును ఉండగా, కొరతపడిన లిపిలో నేర్చి ఉచ్చారణను చెడగొట్టుకొనుట మన పేదరికము కాదు, మన అశ్రద్ధ.

అక్షరము ఏ యొక్క కులమునకును, ఏ యొక్క మతమునకును సొత్తు కాదు. ప్రతి ఆదివారము ఈ మందిరమున అరగంటసేపు స్త్రీలు, పురుషులు, బాలురు కూడి వర్ణమాలను గొంతెత్తి చదువుడు. ఒకరి తప్పు నొకరు పరిహసింపక దిద్దుకొనుడు. ఒక్క సంవత్సరము ఈ నియమము సాగెనేని, పరుల నోటినుండి వినవలసిన గ్రంథమును మీరే మీ కన్నులతో చదివికొనగలరు.