చౌక యంగడియు మన పరువును



విద్యను గూర్చియో, వివాహవ్యయములను గూర్చియో మాటాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ రెండింటిని గూర్చి ప్రతివత్సరము ఎవరో యొకరు చెప్పుచునే యున్నారు, మీరును వినుచునే యున్నారు. మేము నేడు బియ్యము, పప్పు, నూనెలను గూర్చి మాటాడదలచితిమి. సరుకు లెచ్చట కొంటిరన్న ప్రశ్న మన యిండ్లలో పరువు ప్రశ్నయై కూర్చున్నది గావున ఇది సభకు తగని విషయము కాదని మా తలంపు.

మన భాషలో "చౌక" యను మాటకు తక్కువ వెల యని యొక యర్థము, తక్కువ తరగతి యని మఱియొక యర్థము. "చౌకబారు" అన్నచో రెండవదే మిగులును. సంస్కృతమునందును ఈ చిక్కు లేకపోలేదు. "అర్ఘ" శబ్దమునకు అమరకోశము వెల యనియు, పూజ యనియు రెండర్థములు చెప్పుచున్నది. అతిథి కిచ్చు అర్ఘ్యమును, అంగడిలో నిచ్చు వెలయు ఒక్క యింటి మాటలే. వెల హెచ్చినదే పూజ్యమను భ్రాంతి కింత పాతవేరున్నది. అయినను "సుభిక్షము" అను మాటను నిచ్చినదియు ఆ భాషయే. భిక్ష సులభముగా దొరకు కాలము సుభిక్షము, అనగా తిండి చౌకగా నున్న కాలము. దేశము సుభిక్షముగా నుండవలెనని నిత్యము ప్రార్థింతుము; ఆ సుభిక్షము మన చేతిసంచిలోనికి వచ్చినచో మాత్రము సంచిమూతి ముడిచి చాటుచేసికొందుము.

ఈ సిగ్గునకు మన ప్రాంతమున చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు కంట్రోళ్లను మన పెద్దలు చూచిరి. రాజాజీగారు 1952లో మద్రాసు రాష్ట్రమున ఆహారధాన్యములపై కంట్రోలు నెత్తివేసిరి గాని, "కంట్రోలుబియ్యము" అను మాటలోని యీసడింపు పోలేదు. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును తెచ్చినది. పేదలకు తెల్లకార్డు, తక్కినవారికి గులాబికార్డు అను విభాగము స్థిరపడిన పిదప కార్డు రంగే యింటి యంతస్తునకు గుఱుతైనది. తెల్లకార్డు కలదని వియ్యాలవారి యెదుట చెప్పుకొనుటకు నామోషీ పడిన కుటుంబములను మేమెఱుగుదుము. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి, తెల్లకార్డు చూపినచో పెద్దాసుపత్రిలో ఉచితచికిత్స యనగనే ఆ నామోషీ యేమైనదో తెలియదు! నిన్నటి వఱకు గులాబికార్డును బీరువాలో భద్రపఱచినవారే తెల్లకార్డునకై కచేరీల చుట్టు తిరిగిరి. కార్డు కావలెను, దానిపై వచ్చు బియ్యము మాత్రము వలదు. ఆ బియ్యమును కిలో కిన్ని రూపాయలని బండివానికి అమ్ముకొనుట మన వీధులలో నెవరెఱుగనిది?

2021లో రేషను బండ్లు వీధులలోనికే వచ్చెను. శ్రమ తగ్గినది నిజమే. కాని బండి మ్రోత వినబడగనే ఏ గుమ్మమునుండి ఎవరు సంచి పట్టుకొని వచ్చుచున్నారో వీధి యంతయు చూచెడిది. 2025 జూన్ నుండి బండ్లు నిలిచి, పంపిణి మరల దుకాణములకు చేరినది. స్టోరుబియ్యమును బట్టలకొట్టువారి రంగుసంచిలో పోసికొని పోవు నిల్లాండ్రను తెనాలిలో మేము పలుమాఱు చూచితిమి. సంచిపైన పట్టుచీరల బొమ్మ, లోపల ముతకబియ్యము.

ముతక యన్నంతనే బాపట్లను తలపక తప్పదు. బాపట్ల వరి పరిశోధనకేంద్రమున రూపొంది 1986లో విడుదలయిన సాంబమసూరి, అనగా బీపీటీ 5204, నేడు దేశమున పెక్కుచోట్ల పండుచున్నది. బీపీటీ యను మూడక్షరములు బాపట్ల పేరే. దిగుబడి గల సన్నరకము సామాన్యరైతుకును చిక్కినది. ఇది మన జిల్లాకు గొప్ప కీర్తి. కాని సన్నన్నము సామాన్యమైన కొలది ముతకన్నము తినువాడు మఱింత ప్రత్యేకముగా కనబడజొచ్చెనని మా యూహ. పూర్వము ముతకన్నము తినువారు పెక్కురు గావున నెవరును వేలెత్తి చూపినవారు కారు.

ఇక రెండవ రకపు చౌక. 2002లో బొంబాయి పవాయిలో మొదటి యంగడి తెఱచిన డీమార్టువంటి పెద్దదుకాణములు నేడు గుంటూరు, విజయవాడలలో నున్నవి. వారి చౌకలో మాయ యేమియు లేదు. చాలవఱకు స్వంత కట్టడములు గావున అద్దెబరువు తక్కువ. సరఫరాదారులకు త్వరగా సొమ్ము చెల్లించి వెల తగ్గించుకొందురు. ఎక్కువగా అమ్ముడగు సరుకునే యుంచెదరు. అలంకారములకు ఖర్చు పెట్టరు. మనలో కారులున్నవారు ఆదివారము అచ్చటికి పోయి, తోపుడుబండి నిండ సరుకు వేసికొని, ఎంత మిగిలినదో బిల్లు చూపి చెప్పుకొందురు. ఒకరు మా యెదుటనే "ఎనిమిదివందలు మిగిలిందండీ మాస్టారూ!" అని మురిసిపోయిరి. మిగిలినందుకు మాకును సంతోషమే. అదే రూపాయి స్టోరువద్ద మిగిల్చుకొన్న యాడుబిడ్డకు మాత్రము తల వంపు! చౌకను కోరి తెచ్చుకొన్నవాడు వివేకి, గతిలేక తెచ్చుకొన్నవాడు అల్పుడు అను న్యాయము ఏ ధర్మశాస్త్రమున నున్నదో మాకు కనబడలేదు. వరుసలో మన ప్రక్కన నిలిచినవా రెవరన్నదే యిచ్చట పరువును తూచుచున్నది.

ఈ పెద్దదుకాణములవలన నొక మేలు మాత్రము కలిగినది; దానిని దాచరాదు. కొనువాడే స్వయముగా సరుకు తీసికొను పద్ధతిని అమెరికాలోని మెంఫిసు పట్టణమున క్లారెన్సు సాండర్సు అను వర్తకుడు 1916లో పిగ్లీ విగ్లీ యను నంగడిలో నెలకొల్పెను. (మన తెనాలి-రేపల్లె రైలుమార్గము వెలసినదియు ఆ యేడే.) ఆయన తలచినది జీతగాండ్ర ఖర్చు తగ్గించుట మాత్రమే. మన దేశమునకు వచ్చుసరికి ఆ పద్ధతి మఱియొక పనియు చేసినది. పాత కొట్లలో కొందఱికి అరుగుపై పీట, కొందఱికి వీధిలో నిలుపు. కొందఱికి చిల్లర చేతి కిచ్చెడివారు, కొందఱికి అరుగుపై పడవేసెడివారు. మన వారిని ఏ వైపున నిలిపెడివారో మీ యింటి పెద్దల నడుగుడు. బిల్లుబల్లవద్ద వరుస యొక్కటే, ముందు వచ్చినవాడే ముందు.

కాని ఆ వరుసలో నిలువవలెనన్న చేత నగదుండవలెను. అసలు కష్ట మిచ్చట నున్నది. రేపల్లె ప్రాంతమున కూలి నాలిపై బ్రతుకు మన కుటుంబములు ఏ పూటకాపూట పావుకిలో పప్పు, చిన్న నూనెపొట్లము కొందురు. నెల సరుకు ఒక్కసారి కొన్నచో మిగులునని వారికి తెలియక కాదు. పచారీకొట్టులో ఖాతా యున్నది. ఆ ఖాతా తీరక మఱియొక చోట కొనరాదు. కొట్టువానిని నిందింపరాదు. 2020లో కరోనా దిగ్బంధమున కూలి లేని దినములలో అరువిచ్చి పొయ్యి వెలిగించినది ఈ చిల్లరకొట్లే. అరువులోని నష్టమును ఆయన వెలలో కలుపుకొనక యేమి చేయును? ఫలిత మేమనగా, చౌక యెవరికి మిక్కిలి యవసరమో వారే హెచ్చువెల యిచ్చుచున్నారు.

ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున 1844లో నేతగాండ్రు మొదలగు పేదపనివారు తమలో తాము చందాలు కూర్చుకొని పిండి, వెన్న, చక్కెరలు అమ్ము సహకారపు కొట్టు తెఱచి, అరువు లేదు నగదే యను నియమము పెట్టుకొనిరి. మద్రాసు తిరువళ్లిక్కేణిలో 1904లో వెలసిన సహకారసంఘమును ఆ బాటదే. మనము కొట్టు తెఱవనక్కఱలేదు; తెఱచినచో నడుపగలమన్న ధైర్యమును మాకు లేదు. ఆ కుటుంబములు ఎప్పుడును ఒక నెల వెనుకబడి యున్నవి. ఆ యొక్క నెల సొమ్మును సంఘము వడ్డీలేని బదులుగా నిచ్చి, పది వాయిదాలలో తిరిగి పుచ్చుకొన్నచో, పాత ఖాతా తీరి, మఱునెలనుండి వారి కూలిడబ్బుతోనే వారు నగదు బేరము చేయగలరు. పిదప డీమార్టునకు పోదురో, పచారీకొట్టుననే బేరమాడుదురో వారి యిష్టము.

ఒక్క నియమము మాత్రము ముందే చెప్పుచున్నాము. దాతల పేర్లను ఈ సంచికలో నెంత పెద్దయక్షరములతో నైనను అచ్చువేయుడు. బదులు పుచ్చుకొన్నవారి పేర్లు కార్యదర్శిగారి పద్దుపుస్తకము దాటి రాగూడదు, వేదికపై చదువగూడదు, ఛాయాచిత్రములు తీయగూడదు. మా పింఛనులో నొక నెల మొత్తమును ఈ యుదయమే ఆ పద్దున జమకట్టించితిమి. తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖలవారు తమ తమ యూళ్లలో నిట్టి కుటుంబములెన్ని గలవో భోజనములకు లేచుటకు ముందే లెక్క తేల్చి కార్యదర్శిగారికి ఒప్పగింపవలెనని కోరుచున్నాము.