సంతానలేమి: మగవారి పరీక్ష

(సోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని కూర్చున్న పెద్దల ముందు ఈ విషయం ఎత్తడం ఉచితమా అని మేము కొంత సంకోచించిన మాట నిజం. కార్యదర్శిగారు "చెప్పవలసినదే" అని ధైర్యమిచ్చారు. ఇంటింటా గుసగుసలాడుకొనే మాటను నలుగురిలో ఒకసారి మర్యాదగా చెప్పుకొంటే తప్పేమున్నది?

మన భాషలో "గొడ్రాలు" అన్న మాట ఉన్నది. మన పొరుగు మరాఠీవారికి "వాంఝోటీ" ఉన్నది. మగవానిని అట్లా ఎత్తిపొడవడానికి అంత వాడుకైన మాట రెండు భాషలలోనూ మా చెవిని పడలేదు. మాట లేదు గనుక లోపమూ లేదనుకొంటున్నాము కాబోలు. కాని సంతానం లేని దంపతులలో ఇంచుమించు సగంమంది విషయంలో పురుషునిలో లోపం ఉంటుంది. ఒంటరిగానైనా, స్త్రీలోని లోపంతో కలిసియైనా.

మా వద్దకు ఒక దంపతులు వచ్చారు. పెండ్లియై ఆరేళ్లు. ఆమె చేతిలో జానెడు మందం కాగితాల కట్ట. రెండుసార్లు గర్భాశయం గోకించుకొన్నది, ఎక్సరే తీయించుకొన్నది, పొట్టకు రంధ్రం చేయించుకొని లోపల చూపించుకొన్నది. ఎందరో వైద్యులు చూచిన ఆ కట్టలో భర్త పేరిట ఒక్క కాగితం లేదు. అడిగితే అతడు, "నాకేం కొదువ డాక్టర్ సాబ్? నేను బాగానే ఉన్న" అన్నాడు.

చిక్కంతా ఇక్కడనే. సంసార సామర్థ్యం వేరు, సంతాన సామర్థ్యం వేరు. వీర్యంలో కణాలు ఉన్నవీ లేనివీ కంటికి కనిపించవు, సూక్ష్మదర్శినికే కనిపిస్తాయి. 1677లో వాటిని మొదట వర్ణించిన లేవెన్‌హుక్ హాలండు దేశపు బట్టల వర్తకుడు. బట్ట నేత ఎంచడానికి భూతద్దాలు వాడే వృత్తివాడు! మగ్గాల ఊరివారం, ఈ సంగతి మనకు కొంత గర్వకారణమే.

పరీక్షకు కొన్ని వందల రూపాయలు చాలు. కోత లేదు, మత్తు లేదు. రెండు మొదలు ఏడు రోజులు నియమంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఇంటినుంచి తెచ్చేవారు గంటలోపల, చల్లబడకుండా తేవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంకెల ప్రకారం పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, అందులో నూటికి 42 కదలాలి. ఆకారం సరిగా ఉన్నవి నూటికి 4 ఉంటే చాలు. ఈ నాలుగును చూచి గుండె జారిపోయేవారు చాలామంది. భయం వద్దు, తండ్రులైనవారిలోనూ తక్కినవి వంకరటింకరగానే ఉంటాయి. ఈ అంకెలకు దిగువనున్నవారికి పిల్లలు కలుగరనీ కాదు, ఎగువనున్నవారికి కలిగితీరుతారనీ కాదు.

ఒక్క కాగితం చూచి తీర్పు చెప్పరాదు. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలలకు పైగా పడుతుంది. క్రిందటి నెల గట్టి జ్వరం వచ్చి ఉంటే నేటి లెక్కలో అది తెలుస్తుంది. అందుకని రెండవసారి చూడాలి.

వృషణాలకు ఒంటికన్న రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి. అద్దకపు కార్ఖానాలో బాయిలరు ప్రక్కన పన్నెండు గంటలు నిలుచునేవారు ఇది మనసులో పెట్టుకోవాలి. పొగాకు చెరుపే. తాలీంలో కండలు పెరగడానికి కుర్రవాళ్లు పొడిపించుకొనే హార్మోను సూదులు అంతకన్న చెరుపు. మగతనానికని వేసుకొన్న మందే కణాల తయారీని ఆపివేస్తుంది. ఈడు వచ్చిన తరువాత గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినవారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు. వెదకినా కారణం దొరకని సందర్భాలూ చాలా ఉన్నవి. ప్రకటనలు చూచి గుట్టుగా తెప్పించుకొనే లేహ్యాల గురించి అడిగితే, పరీక్షకు పెట్టని డబ్బు వాటికి పెడుతున్నారనడం తప్ప మేము చెప్పగలిగినది లేదు.

మా రోగి లెక్క 40 లక్షలు. రెండవసారీ అంతే. నిలువబెట్టి చూస్తే ఎడమవైపు నరాలు ఉబ్బి చేతికి తగిలాయి. దీనిని వేరికోసీలు అంటారు. శస్త్రచికిత్స చేయించాము.

కణాలు బొత్తిగా లేనివారికీ దారి మూసుకుపోలేదు. నాళం అడ్డుపడినదా, తయారీయే లేదా అన్నది ముందు తేల్చాలి. కొందరిలో వృషణంనుంచే కణాన్ని తీసి, ఒక్క కణాన్ని ఒక్క అండంలోకి సూదితో పంపవచ్చును. ఆ పద్ధతితో తొలి శిశుజననాలను బ్రస్సెల్స్ వైద్యులు 1992లో ప్రకటించారు. అయితే గమనించండి: లోపం పురుషునిదైనా రోజుల తరబడి సూదులు పొడిపించుకొనేది స్త్రీ, అండాలు తీయించుకొనేది స్త్రీ. అంత కష్టానికి ఆమెను పంపే ముందు భర్త ఒక సీసాలో నమూనా ఇవ్వడం పెద్ద పనా? ఆ చికిత్సకు వెళ్లేవారు 2021 చట్టం క్రింద నమోదైన కేంద్రమేనా అని అడిగి మరీ వెళ్లండి.

ఏడాదిపాటు కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి రండి. భార్యకు ముప్పైఐదు దాటితే ఆరు నెలలకే రండి.

ఆ దంపతులకు నేటివరకూ సంతానం కలుగలేదు. ఆరు నెలలకు లెక్క కోటీ పది లక్షలకు వచ్చినది, చికిత్స సాగుతున్నది. మొన్న ఆమె ఒక్కతే వచ్చి చెప్పినది: అత్తగారు ఎప్పటివలెనే ఏదో అనబోతుంటే భర్త అన్నం ముందునుంచి తల ఎత్తి, "అమ్మా, ఆమెను ఏమనకు. కొదువ నాలో ఉన్నది, మందు నేను తింటున్న" అన్నాడట. అత్తగారు లేచి లోపలికి వెళ్లి, కాసేపటికి కోడలికే మొదట వడ్డించినదట.