సాక్షి వెనక సంఘం



టీ వేళ పేపరు చదివి వాదించుకుంటాం. సాయంత్రం, గాజులమ్మి బతికిన కైవారం తాతయ్య తత్వాలు పాడుకుంటాం. మంచిదే. కానీ ఆ కైవారమున్న చింతామణి తాలూకాలోనే, కంబాలపల్లిలో, 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవ దహనం చేశారు. 2006లో కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టూ అదే ఖాయం చేసింది. సాక్షులు మాట మార్చారు.

వాళ్ళను తిట్టడం తేలిక. సెంటు భూమి లేనివాడు ఊరి పెద్దలపై సాక్ష్యం చెప్పి, మర్నాడు కూలికెక్కడికి పోతాడు? మిల్లులో తోటివాడి వేళ్ళు తెగినా, మేనేజరు ముందు నోరు విప్పేదెందరు?

ఒంటరివాడికి ధైర్యం చెబితే చాలదు, వెనక నిలబడాలి. సాక్ష్యం చెప్పి పని పోగొట్టుకున్నవాడి ఇంట పొయ్యి వెలిగించడం సంఘం బాధ్యత. అందుకు నెలకు తలా పది రూపాయలు తీద్దాం. చేతులెత్తండి!