సముద్రం అడుగున గ్యాసు బావి



తిరువూరు చుట్టూ వరి చేలు, మామిడి తోటలు. సముద్రం ఎక్కడో దూరాన ఉంది. అయినా పొలంలో చల్లే యూరియాకీ, సముద్రానికీ చుట్టరికం ఉంది. మన దేశంలో యూరియా ఎక్కువగా సహజ వాయువుతోనే తయారవుతుంది. సహజ వాయువు అంటే భూమి లోపల దొరికే గ్యాసు. కృష్ణా, గోదావరి నదులు కలిసే సముద్రం అడుగున కూడా ఈ గ్యాసు ఉంది.

2009 ఏప్రిల్‌లో రిలయన్స్ కంపెనీ కాకినాడ తీరానికి దూరంగా, లోతు సముద్రంలో గ్యాసు తీయడం మొదలుపెట్టింది. అది గొట్టాల ద్వారా గాడిమొగ ఒడ్డుకు చేరుతుంది. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. అనే ప్రభుత్వ సంస్థ కూడా అదే తీరానికి ఎదురుగా లోతు సముద్రంలోంచి ముడి నూనె తీయడం మొదలుపెట్టింది.

లోతు తక్కువైతే ఇనుప స్తంభాలు పాతి, వాటి మీద మంచెలాగా వేదిక కడతారు. లోతు బాగా ఎక్కువైతే అంత పొడుగు స్తంభాలు కుదరవు. బావి అడుగున ఉంటుంది. పైన ఓడ తేలుతూ ఉంటుంది. ఓడ కదిలిపోకుండా గొలుసులతో లంగరు వేస్తారు.

అక్కడ కష్టాలు రెండు. ఒకటి నీటి బరువు. వెయ్యి మీటర్ల లోతున, చిటికెన వేలి గోరంత చోట మీద సుమారు వంద కిలోల బరువు పడుతుంది. రెండోది అల. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే ఏమవుతుంది? విరిగిపోతుంది కదా! పది సెకన్లకు ఒక అల చొప్పున లెక్క వేయండి. ఏడాదికి 31 లక్షల దెబ్బలు దాటుతాయి. ఇక తుపాను వస్తే? 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి పెద్దలను అడగండి.

తప్పు జరిగితే నష్టం చాలా పెద్దది. 1995 జనవరి 8న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో గ్యాసు బావి అదుపు తప్పి అంటుకుంది. అది నేల మీది బావే. అయినా ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2010 ఏప్రిల్ 20న అమెరికా దగ్గర లోతు సముద్రంలో బావి పేలింది. 11 మంది పనివాళ్ళు చనిపోయారు. 87 రోజులు నూనె సముద్రంలోకి కారింది. చాలా దూరం వరకు చేపల వేట ఆగిపోయింది.

అందుకే ముందు పరీక్ష కావాలి. మద్రాసు ఐ.ఐ.టి.లో సముద్ర ఇంజనీరింగ్ విభాగం ఉంది. అక్కడ పెద్ద నీటి తొట్లు ఉన్నాయి. తొట్టి చివర పలక ముందుకూ వెనక్కూ కదిలి అలలు పుట్టిస్తుంది. వంద అడుగుల ఓడనైతే ఒక అడుగు బొమ్మగా చేసి వదులుతారు. అలలనూ అదే లెక్కన తగ్గిస్తారు. బొమ్మ ఎంత ఊగింది, గొలుసు మీద ఎంత లాగుడు పడింది, కొలుస్తారు. తొట్టిలో గొలుసు తెగితే బొమ్మ పోతుంది. సముద్రంలో తెగితే మనుషులు పోతారు.

పరీక్ష చేస్తేనే సరిపోదు. బయటపడిన లోపాన్ని దాచకూడదు. దిద్దాకే పని మొదలుపెట్టాలి. బావి మూతలు, గొలుసులు, అతుకులు ఏటా చూసుకుంటూనే ఉండాలి.

ఈ చదువు మగపిల్లలది మాత్రమే కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ సముద్ర ఇంజనీరింగ్ చెబుతారు. దీనికి పునాది బడిలో నేర్పే లెక్కలు, సైన్సు. పదో తరగతి కాగానే ఆడపిల్లను చదువు మాన్పించకండి.

ఈసారి యూరియా బస్తా ఇంటికి వస్తే, దాని మీది అక్షరాలు మీరే చదవండి. ఆ గ్యాసు ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు మీరే చెప్పండి.