ఒక్క ఊలు ఉండతో ఎంత శాలువా వస్తుంది?

ఈరోజు టాపిక్ లేసు శాలువా. నరసాపురం లేసు కాదండోయ్. అది ఒకే కొక్కెం సూదితో, నూలు దారంతో అల్లే క్రోషే. మనం మాట్లాడేది రెండు సూదులతో, ఊలుతో చేసే నిట్టింగ్.

కొత్తగా నేర్చుకునేవాళ్ల భయం ఏంటంటే, "నా దగ్గర ఒక్క ఉండే ఉంది. మధ్యలో ఊలు అయిపోతే?" నిజమే, అదే రంగు మళ్లీ కొన్నా షేడ్ కొంచెం తేడా రావచ్చు. నెల రోజుల పని విప్పేయాలంటే ఎవరికైనా ఏడుపొస్తుంది.

అందుకే ఎక్కడైనా ఆపగలిగే డిజైన్ పట్టుకోండి. మెడ దగ్గర కొన్ని కుట్లతో మొదలై కిందికి పెరిగే త్రికోణం అన్నమాట. ముందు వైపు వచ్చే ప్రతి వరుసలో నాలుగు కుట్లు పెంచుతాం: రెండు అంచుల్లో ఒక్కోటి, నడిమి కుట్టుకి అటూ ఇటూ ఒక్కోటి. వెనక వైపు వరుసలో ఏమీ పెంచం. అంటే 12 వరుసలకి ఒక్కో సగంలో 12 కుట్లు పెరుగుతాయి. 6 కుట్ల వెడల్పు, 12 వరుసల ఎత్తు ఉన్న లేసు పువ్వు ఎంచుకుంటే, ప్రతి రౌండ్‌కి ఒక్కో సగంలో సరిగ్గా రెండు కొత్త పువ్వులకి చోటు వస్తుంది. కోడింగ్ చేసేవాళ్లకి చెప్పాలంటే ఇదొక లూప్. ఎన్నిసార్లు తిరగాలో మీ ఊలే చెప్తుంది.

మరి లేసులో ఆ రంధ్రాలెలా వస్తాయి? ఊలుని సూది మీద ఒక చుట్టు వేస్తే రంధ్రం పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది. రెండు కుట్లు కలిపి అల్లితే ఒకటి తగ్గుతుంది. లెక్క సమానం.

ఇప్పుడు అసలు పాయింట్. త్రికోణంలో ప్రతి వరుసా ముందుదానికంటే పొడవు. అందుకే సగం వరుసలు అయ్యేసరికి ఖర్చయ్యేది సగం ఊలు కాదు, పావు వంతే! అది చూసి "ఇంకా బోలెడుంది" అనుకుంటే చివర్లో దెబ్బ పడుతుంది. కాబట్టి వంటింటి డిజిటల్ కాటా తెచ్చుకోండి, ఉండని తూచండి.

ఉదాహరణకి 100 గ్రాముల ఉండ. 100వ వరుస దగ్గర 50 గ్రాములు అయిపోయాయి అనుకుందాం. అంచు ముగించడానికి 10 గ్రాములు పక్కన పెడితే, వాడుకోగలిగింది 90. తొంభైని యాభైతో భాగించి వర్గమూలం తీసి, వందతో గుణించండి. 134 వస్తుంది. దానిలోపు 12తో భాగించబడేది 132. అక్కడ ఆపేయండి. పువ్వు మధ్యలో తెగదు, ఊలూ చాలుతుంది.

ఇంకో చిట్కా. ప్రతి 12 వరుసలకి ఒక సన్న దారాన్ని కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేయండి. తప్పొస్తే అక్కడి వరకే విప్పుకోవచ్చు. గేమ్‌లో సేవ్ పాయింట్ లాంటిది.

అల్లడం పూర్తయ్యాక శాలువా ముడుచుకుపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. తడిపి, తువ్వాల్లో వత్తి, సాగదీసి పిన్నులు గుచ్చి ఆరనివ్వండి. ఊలు లేసు విచ్చుకునేది అప్పుడే.

ఇంట్లో మిగిలిపోయిన ఉండ ఉంటే ఇవాళే తూచి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!