పాత డిస్కు, కొత్త కంప్యూటరు

1977 నవంబరు తుపానులో బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఎన్నో ఇండ్లు కూలినవి. ఇండ్లను మరల కట్టుకొంటిమి. పెట్టెలతో పోయిన పెండ్లి పటములు మాత్రము మరల రాలేదు. నేడు అట్టి పటములు, పెద్దల కంఠస్వరములు మన పాత కంప్యూటరులోని హార్డు డిస్కులో ఉన్నవి. కంప్యూటరు చెడినంతమాత్రమున డిస్కు చెడినదని ఎంచి, పాత సామాను కొనువానికి ఇచ్చివేయరాదు.

డిస్కును ఊడదీసి చూతము. వరుసగా 40 సూదులున్నచో అది పాత ఐ.డి.ఇ. రకము, సన్నని ముఖము, ఒక కొస వంపు ఉన్నచో 2003 నుండి వచ్చిన సాటా రకము. తగిన యు.ఎస్.బి. అడాప్టరుతో దానిని కొత్త కంప్యూటరునకు తగిలించవలెను. మూడున్నర అంగుళముల డిస్కునకు 12 వోల్టుల విద్యుత్తు వేరుగా కావలెను. రెండున్నర అంగుళముల దానికి సాధారణముగా యు.ఎస్.బి. తీగయే చాలును.

ఫార్మాట్ చేయవలెనా అని కంప్యూటరు అడిగినచో ఔననరాదు, ఉన్నది పోవును. టకటక చప్పుడైనచో వెంటనే ఆపి నిపుణునకు చూపవలెను. అంతయు సవ్యముగా నున్నచో ముందు ప్రతి తీసికొని, పిదపనే పటములు చూచుకొందము.

ప్రతులు రెండుండవలెను: ఒకటి మన రామాపురములో, మరియొకటి తెనాలి బంధువుల ఇంట. తాటాకు శిథిలము కాకమునుపే కొత్త ఆకులపై ప్రతి వ్రాయించి మన పెద్దలు కావ్యములను దక్కించిరి. మన ఇంటి చరిత్రకు మనము చేయవలసినదియు అంతియే.